గంటకు 20 మిల్లీలీటర్లు

ఐసీయూ తలుపు దగ్గర బంధువులు డాక్టరును అడిగే మొదటి ప్రశ్న ‘ప్రాణానికేం ఫరవాలేదుగా’ అయితే, రెండోది ‘ఏమన్నా తిన్నాడా?’ వెంటిలేటర్ గొట్టం నోట్లో ఉన్న మనిషి తినలేడు. ముక్కులోంచి పొట్టలోకి దిగిన రైల్స్ ట్యూబే ఆయనకు దారి. అందులోంచి రోజుకు ఎంత పోయాలి, ఎన్నో రోజు నుంచి పెంచాలి అన్నదాని మీద డాక్టర్ల మధ్యే గట్టి తగువు నడుస్తోంది. ఒకరు కడుపు మాడ్చొద్దంటారు. ఇంకొకరు మొదటి వారం తొందరపడొద్దంటారు. ఇద్దరి చేతుల్లోనూ రుజువులున్నాయి.

ఆ రెండు పక్షాలనూ ఒకే ఇంట్లో కూర్చోబెడితే సంభాషణ ఇలా సాగుతుంది. ఒకరు ప్రభుత్వాసుపత్రిలో డైటీషియన్‌గా చేసి రిటైరైన మేనత్త. రెండోవాడు హైదరాబాద్‌లో ఐసీయూ డాక్టరుగా ఉన్న మేనల్లుడు. వాళ్ల ముందున్నది ఒక కేస్ షీటు: అరవై కిలోల మనిషి, న్యుమోనియా, వెంటిలేటర్ మీద నాలుగో రోజు.

అత్తయ్య కళ్లజోడు సవరించుకుని ముందు ఫీడ్ కాలమ్ చూసింది. “గంటకు 20 మిల్లీలీటర్లు. ఇరవై నాలుగు గంటలకు 480. మిల్లీలీటరుకు ఒక కేలరీ అనుకుంటే 480 కేలరీలు. రెండేళ్ల పిల్లాడు ఇంతకు రెట్టింపు తింటాడు. నిండు మనిషిని పస్తు పడుకోబెట్టి దానికి వైద్యమని పేరు పెట్టారట్రా?”

“నా ఐసీయూలో ఉన్నా అంతే ఇచ్చేవాణ్ణి, అత్తయ్యా. మీరు ఒక్క కాలమే చూశారు. ఇటు మందుల పట్టీ చూడండి. మత్తు కోసం ప్రొపోఫాల్ గంటకు 10 మిల్లీలీటర్లు పోతోంది. పాలలా తెల్లగా ఉండేది అదే, నూనెలో కలిపిన మందు. మిల్లీలీటరుకు 1.1 కేలరీ. రోజుకు 264. రెండూ కలిపితే 744, అంటే కిలోకు పన్నెండు పైమాటే. అమెరికా పోషణ సంఘం ఆస్పెన్ 2022లో మొదటి వారం, పది రోజులకు చెప్పిన లెక్క కిలోకు 12 నుంచి 25. మనవాడు గీత దాటే ఉన్నాడు.”

“సరే. ఆ 264లో ప్రోటీన్ ఎంత?”

అతను మాట్లాడలేదు.

“సున్నా. ఫీడులో లీటరుకు 40 గ్రాములుంటే ఈ 480కి వచ్చేది 19 గ్రాములు. యూరప్ వాళ్ల ఎస్పెన్ మార్గదర్శకాలు మెల్లమెల్లగా కిలోకు 1.3 గ్రాములకు చేర్చమన్నాయి. అరవై కిలోలకు 78 గ్రాములు. అందులో నాలుగో వంతు ఇచ్చి, నూనె కేలరీలతో గీత దాటించానంటే ఎలా నాయనా?”

కేలరీల లెక్క ఐసీయూలో తప్పుదారి పట్టేది ఇలాగే. బయట బంధువుల లెక్క ఇంకో రకంగా తప్పుతుంది. ‘గ్లూకోజు ఎక్కించారు, ఇక నీరసం తగ్గుతుంది’ అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దానివల్ల వచ్చేది 85 కేలరీలు. ఉత్త నార్మల్ సెలైన్ అయితే అదీ లేదు, ఉప్పు నీళ్లే. స్టాండుకు బాటిల్ వేలాడుతున్నంత మాత్రాన మనిషికి తిండి అందుతున్నట్టు కాదు.

అత్తయ్య అసలు వాదం కండరం గురించి. “2013లో లండన్ వాళ్లు 63 మంది ఐసీయూ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండుతో కొలిచారు. పది రోజుల్లో దాదాపు 18 శాతం కరిగిపోయింది. పది రోజులకే! ఆ కండే తర్వాత వాళ్లని మంచం మీంచి లేపాల్సింది, దగ్గి కఫం బయటికి తెప్పించాల్సింది. బతికించి పంపారు సరే, ఇంటికెళ్లాక లేచి బాత్‌రూముకు వెళ్లలేకపోతే ఆ ఇంట్లోవాళ్ల బాధ ఎవరు చూస్తారు?”

“ఆ పేపరు నేనూ చదివాను. మీరు చెప్పనిది ఒకటుంది. అందులో మొదటి వారం ప్రోటీన్ ఎక్కువ అందినవాళ్లకి కండ ఎక్కువ కరిగింది, తక్కువ కాదు. అందువల్లే కరిగిందని నేననను. కానీ పోస్తే కండ నిలుస్తుందన్న ధీమాకు ఆ పేపరు సాక్ష్యం కాదు.”

తర్వాత అతను ఒంట్లో జరిగేది వివరించాడు. మామూలు మనిషి పస్తుంటే కాలేయం గ్లూకోజు తయారు చేస్తుంది. అన్నం తినగానే ఆ తయారీ ఆగిపోతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో, పెద్ద గాయంలో ఈ స్విచ్చి సరిగా పనిచేయదు. ఒత్తిడి హార్మోన్లు కండను కరిగించి కాలేయానికి అందిస్తూనే ఉంటాయి. కాలేయం గ్లూకోజు చేస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. ఆ స్థితిలో బయటినుంచి నిండుగా పోస్తే లోపల తయారయ్యేదానికి అదనంగా వచ్చి పడుతుంది. షుగరు పెరుగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, వాంతులవుతాయి.

“గుంటూరు చానెల్ కింద పెరిగినవాళ్లు మీరు. పొలం నీట మునిగి ఉన్నప్పుడు యూరియా చల్లితే పైరుకు అందుతుందా?”

“అందదు. కానీ నీళ్లు తీసిన రోజునైనా చల్లాలిగా? ఆ రోజు ఏదో ఈ కేస్ షీటులో ఎక్కడుంది, చూపించు.”

ఈ ప్రశ్నను పక్కన పెట్టించడానికన్నట్టు అతను ట్రయల్స్ ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఈ రంగంలో గత పదిహేనేళ్లలో వచ్చినన్ని పెద్ద ప్రయోగాలు ఐసీయూ వైద్యంలో చాలా విషయాలకు రాలేదు.

2012లో అమెరికాలో ఈడెన్. ఊపిరితిత్తులు దెబ్బతిన్న వెయ్యి మందిలో సగానికి మొదటి ఆరు రోజులు నామమాత్రపు ఫీడు, రోజుకు సుమారు 400 కేలరీలు. మిగతా సగానికి 1300. అరవై రోజుల్లో చనిపోయినవాళ్లు రెండు వైపులా దాదాపు సమానం. తక్కువ ఇచ్చిన వైపు వాంతులు తక్కువ. 2015లో సౌదీ అరేబియా, కెనడా ఐసీయూల్లో పర్మిట్. 894 మంది. ప్రోటీన్ ఇద్దరికీ ఒకటే, కేలరీలు మాత్రం ఒకరికి సగం, ఒకరికి దాదాపు పూర్తి. మరణాల్లో తేడా లేదు. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో టార్గెట్. 3957 మందిలో కొందరికి మామూలు ఫీడు, కొందరికి అదే పరిమాణంలో ఒకటిన్నర రెట్లు చిక్కనిది. తొంభై రోజుల్లో మరణాలు 25.7, 26.8 శాతం. చిక్కటి ఫీడు వైపే అంకె ఒక పిసరు ఎక్కువ. అది లెక్కలోకి వచ్చే తేడా కాదు.

“ఇవన్నీ తేడా లేదన్నవే. మేలు జరిగిందన్నది ఏదిరా?”

“2023లో ఫ్రాన్స్ వాళ్లది, న్యూట్రిరియా-3. 61 ఐసీయూలు, 3044 మంది. అందరూ వెంటిలేటర్ మీద, బీపీ నిలబెట్టే మందుల మీద ఉన్నవాళ్లే. ఒక వర్గానికి మొదటి వారం కిలోకు 6 కేలరీలు, ప్రోటీన్ 0.2 నుంచి 0.4 గ్రాములు. రెండో వర్గానికి 25 కేలరీలు, గ్రాము పైన ప్రోటీన్. తక్కువ ఇచ్చినవాళ్లు ఐసీయూ వదలడానికి ఎనిమిది రోజుల్లో సిద్ధమయ్యారు, ఎక్కువ ఇచ్చినవాళ్లు తొమ్మిది రోజుల్లో. వాంతులు, విరేచనాలు, పేగుకు రక్తం అందక చచ్చుబడటం, అన్నీ తక్కువ వైపే తగ్గాయి. మీ 19 గ్రాములు కిలోకు 0.3 అవుతాయి, అత్తయ్యా. సరిగ్గా ఆ ట్రయల్లో ఇచ్చిన మోతాదే.”

“మరణాలు?”

“తేడా లేదు.”

“ఒక రోజు ముందు బయటపడ్డారు, అంతేగా. సరే, అదీ మేలే. ఇప్పుడు ఒకటి చెప్పు. ఈడెన్‌లో, టార్గెట్‌లో రోగుల సగటు బీఎంఐ ఎంత?”

“ముప్పై దగ్గర.”

“ముప్పై! ఒంటి మీద మూడు వారాలకు సరిపడా నిల్వ ఉన్నవాళ్లని వారం రోజులు అరకొరగా ఉంచితే ఏమీ కాలేదని రాశారు. నా వార్డుకు వచ్చేది ఎవరు? టీబీతో చిక్కి బీఎంఐ పదహారుకు పడిపోయినవాడు. నెల రోజులుగా అన్నం మానేసి సారా మీద బతికినవాడు. గొంతు క్యాన్సర్‌తో ముద్ద దిగక నీరసించినవాడు. మీ ట్రయల్స్‌లో వీళ్లెక్కడ?”

ఈ దెబ్బ తగిలింది. సెలైన్‌లా నరంలోకి ఎక్కించే పోషణను, అంటే పేరెంటరల్ న్యూట్రిషన్‌ను తొందరగా మొదలుపెట్టాలా వద్దా అని బెల్జియంలో చేసిన ఎపానిక్ ప్రయోగం మీద కూడా అత్తయ్య అభ్యంతరం ఇదే. 2011లో అచ్చైన ఆ ప్రయోగంలో 4640 మంది ఉన్నారు. ఎనిమిదో రోజు దాకా నరం దారి ముట్టుకోని వాళ్లకి ఇన్ఫెక్షన్లు తక్కువగా వచ్చాయి, 26.2 శాతానికి బదులు 22.8 శాతం. అప్పటిదాకా పొట్ట పనిచేయకపోతే మొదటి రెండు రోజుల్లోనే నరంలోకి ఎక్కించడం యూరప్‌లో రివాజు. ఆ ఫలితం వచ్చాక చాలామంది వెనక్కి తగ్గారు. అయితే బీఎంఐ 17 కంటే తక్కువున్నవాళ్లని ఆ ప్రయోగంలో చేర్చుకోనేలేదు.

నరం దారిని కొట్టిపారేయడానికీ లేదు. 1960ల్లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్ అనే సర్జన్ బీగిల్ కుక్కపిల్లలకు నోటి తిండి ఏదీ పెట్టకుండా పెద్ద సిరలోకి పోషకాలు ఎక్కించి పెంచి చూపించాడు. తర్వాత పేగు పనిచేయని ఒక పసిపాపను అదే పద్ధతిలో పోషించారు. పేగు బొత్తిగా పనిచేయని మనిషికి ఇవాళ్టికీ అదే ఆధారం.

“బక్కచిక్కినవాణ్ణి చూస్తే మీకు జాలి, నాకు భయం,” అన్నాడు మేనల్లుడు. “నాకు నిద్ర పట్టనిది వాడితోనే.”

అతని భయానికి పేరు రీఫీడింగ్ సిండ్రోమ్. చాలా రోజులు పస్తున్న ఒళ్లు కొవ్వు మీద నడవడం అలవాటు చేసుకుంటుంది. ఒక్కసారిగా పిండిపదార్థం లోపలికి వెళ్తే ఇన్సులిన్ ఎగబాకుతుంది. దాంతో రక్తంలో ఉన్న ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. ఫాస్ఫేట్ పడిపోతే ఊపిరి తీసే కండరాలు సోలిపోతాయి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఉన్న కాస్త థయామిన్, అంటే బి1 విటమిన్, హరించుకుపోతుంది. తాగుడు అలవాటున్న మనిషికి గ్లూకోజు బాటిల్ పెట్టేముందు థయామిన్ ఇంజెక్షన్ చేయడం అందుకే.

చరిత్రలో దీని మచ్చ పెద్దదే. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరాన్ని విడిపించాక, ఎముకల గూళ్లలా ఉన్న ఖైదీలకు సైనికుల చిక్కటి రేషన్ డబ్బాలు పెట్టారు. తిని తట్టుకోలేక ఎందరో చనిపోయారు. తర్వాత 1943 బెంగాల్ కరువులో వాడిన తియ్యటి మిశ్రమాన్ని అక్కడికి తెప్పించి ఇచ్చి చూశారు. ఆ తీపి చాలామందికి సయించలేదు.

“ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు 2015లో దీన్నే పరీక్షించారు. ఫీడు మొదలయ్యాక ఫాస్ఫేట్ పడిపోయిన 339 మందిలో కొందరికి కేలరీలు బాగా కోసి, ఫాస్ఫేట్ సరిచేసి, రెండు రోజులాగి పెంచారు. వాళ్లు ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో తేడా తేలలేదు గానీ, అరవై రోజులకు బతికున్నవాళ్లు కోసిన వైపే ఎక్కువ. మీ పదహారు బీఎంఐ మనిషికి మొదటిరోజే 1500 కేలరీలు పోస్తే, పోసిన చేతులతోనే చంపుకున్నట్టవుతుంది.”

“నేను మొదటిరోజే పొయ్యమన్నానా? మెల్లగా పెంచమన్నాను. మెల్లగా పెంచడం వేరు, పెంచడం మర్చిపోవడం వేరు. నాలుగు రోజులూ ఇరవై దగ్గరే ఆగింది చూడు. ఫాస్ఫేట్ పరీక్ష ఒక్కసారైనా చేశారా ఈ షీటులో?”

అతను తిరగేసి చూశాడు. చేయలేదు.

అత్తయ్య తన ఉద్యోగకాలంలో చూసిన చార్టుల్లో ఒక రకాన్ని వర్ణించింది. డాక్టరు గంటకు 50 అని రాస్తాడు. పొద్దున ఆరింటికి సీటీ స్కాన్ ఉందని ఆపుతారు. స్కాన్ అయ్యేసరికి పదకొండు. తిరిగొచ్చాక ఒళ్లు తుడుస్తారు, పక్క మారుస్తారు, ఎక్స్‌రే అంటారు, డ్యూటీ మారుతుంది. ఫీడు మళ్లీ ఎక్కేది మధ్యాహ్నం మూడింటికి. తొమ్మిది గంటలు, 450 మిల్లీలీటర్లు గాలికి పోయాయి. మర్నాడు గొంతుకు రంధ్రం పెట్టే ఆపరేషన్, కాబట్టి అర్ధరాత్రి నుంచి ఏమీ పొయ్యొద్దంటారు. ఆపరేషన్ సాయంత్రానికి వాయిదా. ఆ మర్నాడు సిరంజితో పొట్టలోంచి లాగితే పచ్చగా 250 వచ్చిందని నర్సు భయపడి ఆపేస్తుంది. రౌండ్స్‌లో మాత్రం ‘ఫీడ్ గంటకు 50, బాగానే నడుస్తోంది’ అని చదువుతారు.

“ఫ్రాన్స్ వాళ్ల తక్కువ కొలిచి ఇచ్చిన తక్కువ. కిలోకు ఆరు అన్నారు, ఆరు ఇచ్చారు, ఎనిమిదో రోజు పెంచారు. మన వార్డుల్లో తక్కువను ఎవరూ కొలవరు. నువ్వు ఆ పేపరు చదివి ఇరవై ఇస్తున్నావు. ఏ పేపరూ చదవనివాడు కూడా ఇరవైయే ఇస్తున్నాడు, మర్చిపోయి. చార్టు మీద ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. నాకు కోపం వాడి మీద. నీ పేపరు వాడికి గొడుగు పడుతోంది.”

మేనల్లుడు దీనికి అడ్డు చెప్పలేదు. తన ఐసీయూలో గంట లెక్క మానేసి రోజు లెక్క పెట్టుకున్నామని చెప్పాడు. రోజుకు 1200 మిల్లీలీటర్లు అని రాస్తారు. పొద్దున అయిదు గంటలు ఆగిపోతే, మిగిలిన గంటల్లో వేగం పెంచి ఆ లోటు పూడ్చే అధికారం నర్సుకే ఉంటుంది. పొట్టలోంచి లాగి కొలిచే అలవాటును కూడా తగ్గించారు. 2013లో ఫ్రాన్స్‌లోనే 449 మంది మీద చేసిన ప్రయోగంలో, అలా కొలవనివాళ్లకి న్యుమోనియా ఎక్కువేమీ రాలేదు. మార్గదర్శకాలు కూడా ఆరు గంటల్లో అర లీటరు దాటితేనే ఆగమంటాయి. తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం మాత్రం మానకూడదు.

“ఇంకో సంగతి, అత్తయ్యా. బంధువులు ఫ్లాస్కులో రాగిజావ తెచ్చి, ‘ఆ డబ్బా పొడి వద్దు, ఇంటి బలం పొయ్యండి’ అంటారు. మీరైతే ఏం చెబుతారు?”

“ట్యూబులోంచి దిగాలంటే జావ పల్చగా కాయాలి. గ్లాసుడు నీళ్లకు ఇరవై గ్రాముల పిండి పడుతుంది. రాగిలో నూటికి ఏడు గ్రాముల ప్రోటీన్, 320 కేలరీలు. అంటే గ్లాసుకు 64 కేలరీలు, గ్రామున్నర లోపు ప్రోటీన్. రోజుకు ఆరు గ్లాసులు పోసినా ప్రోటీన్ తొమ్మిది గ్రాములు దాటదు. పప్పు మీద తేరిన కట్టు ఇంకా పలచన. కొబ్బరినీళ్లలో కేలరీలు తక్కువ, పొటాషియం ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాడికి అది ప్రమాదం.”

“అయితే డబ్బా పొడికే ఓటు.”

“అంత తొందరొద్దు. ఆ డబ్బా కొనలేని ఇళ్లు చూశాను. పాలు, గుడ్డు తెల్లసొన, వేయించిన పప్పుల పొడి, నూనె తూకం వేసి మిక్సీ పట్టి, వడగట్టి మా వంటగది నుంచే పంపేవాళ్లం.”

“తూకం వేసినా, మిక్సీ జార్ శుభ్రంగా లేకపోతే పొట్టలోకి సూక్ష్మజీవులు వెళ్తాయి. బయట నాలుగు గంటలుంటే ఇంకా ఎక్కువవుతాయి. నలకలుంటే ట్యూబు మూసుకుపోతుంది. మన క్రిటికల్ కేర్ సొసైటీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తయారీ ఫార్ములానే మేలన్నాయి.”

“మేలన్నాయి. కొనిపెడతామన్నాయా?”

ఎక్కువ ఇస్తే మంచిదేగా అన్న ఆశకు ఈ రంగంలో తగిలిన దెబ్బలు కూడా ఉన్నాయి. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీవ్ర రోగులకు దండిగా ఇస్తే కోలుకుంటారని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. 2013లో రెడాక్స్ అనే ప్రయోగం 1223 మంది మీద పరీక్షిస్తే, గ్లుటమిన్ తీసుకున్నవాళ్లలో ఆరు నెలల మరణాలు పెరిగాయి. 2023లో ఎఫర్ట్ ప్రయోగం కిలోకు 2.2 గ్రాముల పైన ప్రోటీన్ ఇచ్చి చూసింది. లాభం రాలేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి నష్టం జరిగిన సూచనలు కనిపించాయి. మేనల్లుడు ఇవి ఎత్తగానే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. తానడిగేది 1.3 అని, 2.2 ఎవరడిగారని నిలదీసింది.

చివరికి తగువంతా ఒక్క ప్రశ్న దగ్గరికి కుదించుకుపోయింది. పెంచాల్సిన రోజు ఏది? ఒళ్లు ఇక తిండిని అందుకోగలదని చెప్పే రక్త పరీక్ష ఏదీ మంచం పక్కన లేదు. మేనల్లుడు చూసే గుర్తులు నాలుగు: బీపీ నిలబెట్టే మందు మోతాదు తగ్గుతుండాలి. రక్తంలో లాక్టేట్ దిగాలి. షుగరు అదుపుకు ఇన్సులిన్ తక్కువ పట్టాలి. పొట్ట మెత్తగా ఉండాలి. ఇవి కనిపించిన రోజునుంచి మూడు రోజుల్లో పూర్తి మోతాదుకు వెళ్తానంటాడు, అది అయిదో రోజైనా, తొమ్మిదో రోజైనా.

అత్తయ్య దానికి ఒప్పుకోలేదు. గుర్తులు చూసే డాక్టరు రోజూ ఒకడే ఉండడని ఆమె వాదన. సెలవు మీద వెళ్తాడు, రాత్రి డ్యూటీకి కొత్తవాడు వస్తాడు. అందుకని మొదటిరోజే షీటు మీద తేదీ వేయాలి. మూడో రోజు ఇంత, అయిదో రోజు ఇంత, ఏడో రోజుకు పూర్తి. పెంచకూడదనుకున్న డాక్టరు ఆ తేదీ పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి.

“తేదీ చూసి పోస్తే షాక్‌లో ఉన్నవాడి పేగు చచ్చుబడుతుంది,” అన్నాడతను. 2018లో షాక్‌లో ఉన్న 2410 మంది మీద చేసిన న్యూట్రిరియా-2లో, తొలిరోజుల్లోనే ట్యూబు ద్వారా పూర్తిగా పోసిన వైపు పేగుకు రక్తం అందని కేసులు 19, నరం దారి వైపు 5 అని గుర్తుచేశాడు.

“అదే కారణం రాసి సంతకం పెట్టు. ఎవరొద్దన్నారు?”

అక్కడ సగం ఒప్పందం కుదిరిందనుకునేలోపు కొత్త పేచీ మొదలైంది, ట్యూబు తీసే రోజు గురించి. వెంటిలేటర్ తీసి, మింగగలుగుతున్నాడని చూసుకుని వార్డుకు పంపేటప్పుడు రైల్స్ ట్యూబు కూడా లాగేయడం రివాజు. ఐసీయూలో మిల్లీలీటరుకు లెక్కుండే తిండికి వార్డులో లెక్కుండదు. గొంతు నొప్పి, నోటికి రుచి లేకపోవడం, నీరసం. రెండు స్పూన్ల ఇడ్లీ తిని పళ్లెం పక్కకు నెట్టేస్తాడు. కండ తిరిగి కట్టుకోవడానికి ఒళ్లు సిద్ధమైన వారంలోనే మనిషి అందరికంటే తక్కువ తింటాడు.

“ట్యూబు ఉంచండి,” అంది అత్తయ్య. “పగలు నోటితో తిననివ్వండి. ఎంత తిన్నాడో కాగితం మీద రాయించండి. తగ్గినది రాత్రిపూట ట్యూబులో పొయ్యండి. అవసరంలో ముప్పాతిక వంతు వరసగా రెండు రోజులు నోటితోనే తిన్నాక తీయండి.”

“రెండు వారాలు ముక్కులో గొట్టంతో పడుకున్న మనిషి మొదట అడిగేది దాన్ని తీసెయ్యమనే. అది ఉంటే మింగడమూ కష్టమే, ముక్కులో పుండు పడుతుంది, మగతలో ఉన్నవాడు తనే పీకేసుకుంటాడు. చేతులు కట్టేయాల్సి వస్తుంది. నేనైతే ఆ రోజే తీసి, గుడ్డు, పాలు, ప్రోటీన్ పొడి రెండేసి గంటలకు నోటికే ఇప్పిస్తాను.”

“రెండేసి గంటలకు ఎవరిస్తారు?”

“ఇంట్లోవాళ్లు.”

“వాళ్లకి ఎన్ని గ్రాములని రాసిచ్చావా?”

అతను జేబులోంచి పెన్ను తీసి, కేస్ షీటు వెనక ఖాళీ వైపు తిప్పాడు. ఎడమవైపు గంటలు, కుడివైపు గ్రాములు రాయడం మొదలుపెట్టాడు. అత్తయ్య మొదటి వరసలోనే తప్పు పట్టింది. గుడ్డుకు ఎనిమిది గ్రాములని రాశాడు. ఆరేనంటుంది ఆవిడ.